కంటికి ఝ కనబడితే చాలా?

పోయిన వేసవిలో ఒక ఆదివారం పొద్దున్నే అవనిగడ్డ వైపునుంచి ఒకావిడ మా ఇంటికి వచ్చారు. తెలిసినవారి ద్వారా నా చిరునామా కనుక్కున్నారట. మంచినీళ్ళు తాగి, సంచిలోంచి రెండు వస్తువులు తీసి బల్లమీద పెట్టారు. ఒకటి చెదలు కొట్టేసిన చిన్న పుస్తకం. రెండవది మూడున్నర అంగుళాల ఫ్లాపీ డిస్కు.

“అన్నయ్యగారూ, మీరు ఇరవయ్యేళ్ళనుంచీ కంప్యూటర్లో తెలుగు, తెలుగు అని తిరుగుతున్నారట గదా. ఇందులో మా నాన్నగారి పుస్తకం ఉంది. కాస్త బయటికి తీసిపెట్టండి,” అన్నారు.

వారి నాన్నగారు దివిసీమలో బడిపంతులుగా చేసి పదవీవిరమణ పొందినవారు. 1999లో తన పింఛను డబ్బుతో బెజవాడలో 500 ప్రతులు వేయించుకున్నారు. 1977 నవంబరు 19, శనివారం. ఆ రాత్రి దివిసీమమీదికి సముద్రం ఎలా వచ్చిందో మన ప్రాంతంవారికి నేను వర్ణించి చెప్పనక్కరలేదు. పదివేలమందికి పైగా పోయారని లెక్కలు చెబుతాయి. పంతులుగారు లెక్క వ్రాయలేదు, పేర్లు వ్రాశారు. తన ఊరిలోనూ, చుట్టుపక్కల పల్లెపాలాలలోనూ గడపగడపకూ తిరిగి, పోయినవారి పేరు, వయస్సు, తండ్రి లేదా భర్త పేరు అడిగి వ్రాసుకున్నారు. పుస్తకంలో చివరి ఫారం, అంటే పదహారు పేజీలు, ఆ పట్టికే. చెదలు తినేసింది సరిగ్గా ఆ ఫారాన్నే. మిగిలిన ప్రతులు ఎవరిదగ్గర ఉన్నాయో తెలియదు. ఆ ప్రభుత్వ బడి గ్రంథాలయంలో ఇచ్చిన ప్రతి కూడా లేదు.

ఫ్లాపీని మా ఇంట్లో అటకమీదున్న పాత డ్రైవులో పెట్టి చూశాను. నాలుగుసార్లు గరగరమని శబ్దంచేసి ఊరుకుంది. పాతికేళ్ళ ఉప్పుగాలి దానిని కూడా తిన్నది.

మిగిలిన దారి ఒక్కటే. పుస్తకం రెండవ పేజీలో డీటీపీ చేసినవారి చిరునామా ఉంది. గవర్నరుపేటలో ఆ సందుకు వెళితే, ఆ గదిలో ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. పక్క దుకాణంవాళ్ళను అడిగి అడిగి, చివరికి సత్యనారాయణపురంలో ఆయన ఇల్లు పట్టుకున్నాను. వయస్సు డెబ్భైకి దగ్గర. విషయం చెప్పగానే లోపలికి తీసుకువెళ్ళి, దుప్పటి కప్పిన ఒక పాత కంప్యూటరు చూపించారు. “దీన్ని అమ్మితే మూడు వందలు కూడా రావండి. అందుకనే ఉంచుకున్నా,” అని నవ్వారు. పేజ్‌మేకరు తెరిచి, పేరు చెప్పగానే ఫైలు తీశారు. పదహారు పేజీలూ ఉన్నాయి. అక్కడికక్కడే ప్రింటు తీసి చేతిలో పెట్టారు.

కథ ఇక్కడితో అయిపోతే ఇది వ్రాయవలసిన అవసరం ఉండేది కాదు.

ఆ ఫైలును నా కంప్యూటరులోకి తెచ్చుకుని పాఠ్యాన్ని వేరుచేసి చూస్తే తెలుగు లేదు. నెత్తిన చుక్కలు పెట్టుకున్న ఐరోపా అక్షరాలూ, డబ్బు గుర్తులూ, కుండలీకరణాలూ వరసలు కట్టి నిలుచున్నాయి. ఈ దృశ్యం మనవాళ్ళలో చాలామందికి పరిచయమే. అయినా కొత్తగా చదివేవారికోసం రెండు ముక్కలు చెబుతాను.

అప్పటి తెలుగు ఖతులలో ఉండేవి 256 గదులు. అందులో కొన్ని కంప్యూటరు తన అవసరాలకు అట్టేపెట్టుకుంటుంది. మన గుణింతాలూ వొత్తులూ లెక్కవేస్తే వేలలో తేలుతాయి కాబట్టి, ఖతి తయారుచేసినవారు అక్షరాలను ముక్కలు చేశారు. తలకట్టు ఒక గదిలో, గుడి ఒక గదిలో, కొమ్ము ఒక గదిలో, వొత్తులు మరికొన్ని గదులలో. సీసపు అక్షరాల కాలంలో కంపోజిటరు కేసులోంచి ముక్కలు ఏరి స్టిక్కులో పేర్చినట్లే, డీటీపీ ఆపరేటరు కూడా ముక్కలు పేర్చేవాడు. మ కావాలంటే వ ముక్క పక్కన కొమ్ములాంటి తోక తగిలించేవాడు. ఫైలులో నిలిచేది అక్షరం కాదు, ముక్కల వరస. ఏ ముక్క ఏ గదిలో ఉందన్నది ఖతికీ ఖతికీ మారిపోతుంది. ఖతి పోతే ఆ ఫైలు తాళంచెవి పోయిన పెట్టె.

యూనికోడు దారి వేరు. 1991లో వచ్చిన తొలి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. అక్కడ నిలిచేది ఆకారం కాదు, అక్షరం. క్షి అంటే క, పొల్లు, ష, గుడి. నోటితో పలికే వరసలోనే ఫైలులోనూ ఉంటాయి. వాటిని ఏ ఆకారంలో చూపించాలన్నది ఖతి చూసుకుంటుంది. ఖతి మారినా అక్షరం మారదు.

ఈ మార్పుకోసం మనవాళ్ళు పడిన శ్రమ చిన్నది కాదు. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో ఉండగా కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్‌లు తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో వ్రాసుకునే ఆర్టీఎస్ పద్ధతిని తయారుచేశారు. 2001లో విండోస్ ఎక్స్‌పీతోపాటు గౌతమి ఖతి వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచారిగారు పోతన, వేమన ఖతులు చేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. వెన్న నాగార్జునగారు 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలకడమే కాక, పత్రికల సొంత ఖతులను యూనికోడులోకి మార్చి చూపించే పద్మ అనే ఉపకరణాన్ని అందించారు. 2006లో వీవెన్‌గారి లేఖిని వచ్చింది. ఏమీ స్థాపించుకోకుండా, ఏ ఇంటర్‌నెట్ కేంద్రంలోనైనా కూర్చుని తెలుగు వ్రాయగలిగిన మొదటి రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ సంతోషం ఎరిగినవారు దీనిని చదువుతున్నారు కాబట్టి వివరించను.

తరువాత కూడా మనం చిన్న చిన్న పండగలు చేసుకుంటూనే ఉన్నాం. 2008లో దంత్య చ, జ లకు 5.1 కూర్పులో చోటు దొరికితే సంబరపడ్డాం. 2021లో 14.0 కూర్పులో నకారపొల్లు చేరితే మళ్ళీ సంబరపడ్డాం. 2018 ఫిబ్రవరిలో జ్ఞ చుట్టూ అల్లుకున్న ఒక అక్షరాల వరస ఐఫోనులను పడగొడితే, వారంలో దానికి మందు వచ్చింది. తెలుగు అక్షరం అప్పుడు ప్రపంచపత్రికలన్నింటిలోనూ కనిపించింది.

ఇన్ని పండగల నడుమ మనం మరచినది ఒకటుంది. తెలుగు పుస్తకం తయారయ్యేది మన బల్లలమీద కాదు. ఏలూరురోడ్డు వెనక సందులలో, గవర్నరుపేట మేడమెట్ల కింద, రెండు కంప్యూటర్లూ ఒక ప్రింటరూ పట్టే గదులలో. ముప్పై ఏళ్ళపాటు కథ, నవల, శతకం, గైడు, పంచాంగం, పెళ్ళి శుభలేఖ, అన్నీ ఆ గదులలోంచే వచ్చాయి. 1989లో మొదలైన బెజవాడ పుస్తక మహోత్సవానికి స్వరాజ్ మైదానంలో ఏటా జనవరిలో వెళ్ళి సంచులు నింపుకున్నవాళ్ళమే మనమందరమూ. ఆ సంచులలోని పుస్తకాలను ఎవరు టైపు చేశారని ఒక్కరమైనా అడిగామా?

నేను అడగలేదు. అడగకపోగా, యూనికోడు తెలియనివారంటూ వారిని తేలికచేసి మాట్లాడాను కూడా. ఇన్‌స్క్రిప్టు గొప్పదా, ఆర్టీఎస్ గొప్పదా అని రాత్రి రెండుగంటలదాకా వాదించిన రోజులున్నాయి. నిమిషానికి యాభై మాటలు ఆపిల్ అమరికలో కొట్టగల మనిషి మా వీధి చివరే ఉన్నాడని నాకు తోచలేదు.

వారివైపునుంచి చూస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. పేజ్‌మేకరు చివరి కూర్పు 7.0 వచ్చింది 2001లో. దానికి యూనికోడు తెలియదు. దాని స్థానంలో వచ్చిన ఇన్‌డిజైనులో భారతీయ భాషలకు తగిన ఏర్పాటు 2012లో, సీఎస్6 కూర్పులో గాని సమకూరలేదు. అంటే యూనికోడు పుట్టిన ఇరవయ్యేళ్ళ తరువాత కూడా పుస్తకం కట్టేవాడికి పనికివచ్చే పనిముట్టు లేదు. పేజీకి ఇంతని లెక్కకట్టి తీసుకునే మనిషి, కొత్త కంప్యూటరు కొని, కొత్త కీబోర్డు నేర్చుకుని, తనకు అలవాటైన అందమైన ఖతులన్నీ వదులుకుని యూనికోడులోకి రావాలని మనం ఏ మొగంతో అడుగుతాం? రచయిత అడగడు, ప్రచురణకర్త అడగడు, పాఠకుడికి తెలియదు. అడగవలసింది మనం. మనం వేరే చోట మాట్లాడుకుంటున్నాం.

సరే, మళ్ళీ ఆ పదహారు పేజీల దగ్గరకు వస్తాను.

మార్పిడి పట్టిక ఒకటి సొంతంగా వ్రాసుకుని పరుగెత్తించాను. మొదటిసారి వచ్చినది చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. క్రావడి అక్షరానికి ఎడమవైపునుంచి చుట్టుకుంటుంది కాబట్టి ఆ ఖతిలో దానిని అక్షరానికంటే ముందు కొట్టేవారు. నా పట్టిక దానిని వెనక ఉన్న అక్షరానికి అంటగట్టింది. వరప్రసాదం అన్నది వర్రపసాదం అయింది. దానిని సరిదిద్దాను. శీర్షికలకు వాడిన ఖతి వేరు, దాని గదులు వేరు. దానికి మరో పట్టిక. ఇలా సాయంత్రం పూట కూర్చుని మూడువారాలు చేశాను. మామూలు వ్యాసమైతే వందకు తొంభైతొమ్మిది పాళ్ళు వచ్చింది గదా అని వదిలేసేవాడిని. పేర్ల పట్టికకు ఆ మాట చెల్లదు. ఒక వొత్తు తేడా వస్తే ఆ మనిషి ఆ మనిషి కాడు.

అంతా అయిందనుకున్నాక ఆవిడకు ఫోను చేశాను. ఆవిడ ఒక్కటే అడిగారు. “ఝతో మొదలయ్యే పేరు ఒకటుంటుంది అన్నయ్యగారూ, ఆడపిల్ల, అయిదేళ్ళు. అది ఉందా?”

వెతుకుపెట్టెలో ఆ పేరు కొట్టాను. లేదు. మళ్ళీ కొట్టాను. లేదు. ప్రింటు తీసి వేలితో చూసుకుంటూ పోతే పదకొండవ పేజీలో స్పష్టంగా ఉంది. ఫైలులో అదే చోటికి వెళ్ళి చూశాను. తెరమీద ఉన్నది ఝ కాదు. రు, దాని పక్కన ఇంకొక కొమ్ము. గబగబా చూస్తే ఝలాగే ఉంటుంది.

ఆపరేటరుగారిని అడిగాను. ఆయన దాచలేదు. “ఆ ఖతిలో ఝ కొట్టాలంటే మూడు మీటలు కలిపి నొక్కాలండి. రు పక్కన కొమ్ము పెడితే అదే ఆకారం వచ్చేది. ఋకి కూడా అంతే, బు పక్కన కొమ్ము పెట్టేవాళ్ళం. రోజుకు నలభై పేజీలు దించాలి. కంటికి ఝ కనబడితే చాలు గదండీ. చదివేది మనుషులే అనుకున్నాం.”

ఈ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. 1999లో చదివేది మనుషులే. ఋషి అని అచ్చయితే చాలు, లోపల బుుషి అని ఉన్నా పుస్తకానికి ఏమీ కాదు. ఈరోజు పరిస్థితి అది కాదు. మనిషి చదవడానికి ముందు యంత్రం చదువుతోంది. హైదరాబాదులోనో, డాలస్‌లోనో ఉన్న మనవడు తన తాతమ్మ పేరు కొట్టి వెతికితే, ఆ పేరు యంత్రానికి తెలిసిన అక్షరాలలో ఉంటేనే అతనికి దొరుకుతుంది. చూపులేనివారికి ఫోను చదివి వినిపించేటప్పుడు ఆకారాన్ని చూడదు, అక్షరాన్నే పలుకుతుంది. వారికి ఆ పాప పేరు ఝతో వినబడదు. ఏ గడప దగ్గరో నిలబడి పంతులుగారు అడిగి వ్రాసుకున్న పేరు, కాగితంమీద ఉండి కూడా, లేనట్లే.

ఇంతకీ నేను చెప్పదలచుకున్నదేమిటి?

పీడీఎఫ్ ఉంటే చాలదా అంటారు కొందరు. చాలదు. పాత ఖతులతో చేసిన పీడీఎఫ్‌లో కంటికి కనబడేది తెలుగే. కాపీ చేసి మరోచోట అతికిస్తే మళ్ళీ ఆ ఐరోపా అక్షరాలే. పుస్తకాన్ని స్కాను చేసి యంత్రంచేత చదివించవచ్చు గదా అంటారు మరికొందరు. చదివించవచ్చు. ఇప్పుడది ఒకప్పటికంటే ఎంతో మెరుగయింది కూడా. అయితే చదివించడానికి పుస్తకం ఉండాలి. ఇంకో చిత్రం చూడండి. వేటపాలెంలో 1918లో స్థాపించిన సారస్వత నికేతనంలో వందేళ్ళనాటి పత్రికను పేజీ తిప్పి చదువుకోవచ్చు. పాతికేళ్ళ క్రితం కంప్యూటరులో తయారైన పుస్తకం మాత్రం ఫైలు చేతిలో ఉన్నా చదవలేకపోతున్నాం. డీటీపీ కాలంలో ఎవరి డబ్బుతో వారు అయిదువందల ప్రతులు వేయించుకుని బంధువులకు పంచిన పుస్తకాలు ఎన్నో ఉన్నాయి. జ్ఞాపకాలు, ఊరి చరిత్రలు, వంశవృక్షాలు. అవి ఏ గ్రంథాలయానికీ చేరకపోవచ్చు. వాటికి మిగిలిన చిరునామా ఆ పాత హార్డుడిస్కులే. వాటిని భద్రంగా ఉంచినవారికి ఇప్పుడు అరవై, డెబ్భై ఏళ్ళు.

ప్రచురణకర్తల భయం నాకు అర్థమవుతుంది. పాఠ్యం చేతికిస్తే రేపు ఎవడో దొంగ ప్రతి వేస్తాడని. ఆ భయం వట్టిది కాదు. నేనడిగేది లోకానికి పంచిపెట్టమని కాదు. ఎవరి పుస్తకం వారికి, యూనికోడు పాఠ్యంగా కూడా ఇవ్వమని. ఇంటి కాగితాలు ఇంటివాడి దగ్గర ఉండవద్దా?

కాబట్టి నా సూచనలు చాలా చిన్నవి. ఈ ఏడాది పుస్తకం వేయించుకుంటున్న మిత్రులు, ప్రూఫులు దిద్దిన తరువాత డీటీపీవారిని ఒక మాట అడగండి. యూనికోడులో పాఠ్యం ఇస్తారా, దానికి అదనంగా ఎంత ఇవ్వమంటారు అని. అది ఉచితంగా అడగకండి, అది పని. మీ పాత పుస్తకం ఉంటే అది కట్టినవారు ఎక్కడున్నారో కనుక్కోండి, ఫైలుతోపాటు ఆ ఖతిని కూడా తెచ్చుకోండి. ఖతి లేకుండా ఫైలు తెచ్చుకోవడం దండగ. కోడు వ్రాయడం వచ్చినవారు ఒక్క ఆదివారం ఆ గదులలో ఏదో ఒకదానిలో కూర్చుని, ఆపరేటరు వేళ్ళు ఎలా నడుస్తాయో చూడండి. మార్పిడి పట్టికలో వ్రాసి ఉండని సంగతులు ఆ వేళ్ళకు తెలుసు. రు పక్కన కొమ్ము సంగతి నాకు ఏ పట్టికా చెప్పలేదు, ఆ మనిషి చెప్పాడు. ఇంకొన్నేళ్ళు పోతే చెప్పేవారు ఉండరు.

దివిసీమనుంచి శాసనసభకు వెళ్ళి, 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించినవారు మండలి వెంకటకృష్ణారావుగారు. మూడేళ్ళు తిరగకుండా ఉప్పెన వచ్చింది. భాషకోసం తిరిగిన మనిషే శవాల దిబ్బల నడుమ తిరిగారు. ఈనాడు మండలి అన్న పేరుతో ఒక యూనికోడు ఖతి ఎవరైనా వాడుకునేందుకు ఉచితంగా దొరుకుతోంది. నేను ఆ పదహారు పేజీలనూ చివరకు ఆ ఖతిలోనే పేర్చాను.

రెండునెలల తరువాత ఆవిడ మళ్ళీ వచ్చారు. ప్రింటు ఆవిడ చేతికిచ్చి, నేను తెరముందు కూర్చున్నాను. ఆవిడ ఒక్కొక్క పేరే పైకి చదువుతూ ఉంటే నేను సరిచూసుకుంటూ పోయాను. మధ్యలో కాఫీకి కూడా ఆగలేదు. ఇంకో నాలుగు తప్పులు దొరికాయి, దిద్దాను. పదకొండవ పేజీకి వచ్చేసరికి ఆవిడ ఆగారు.

“అది మా చెల్లెలండీ. నాన్నగారు అన్ని పేర్లతోపాటే వ్రాశారు, ముందు పెట్టలేదు,” అన్నారు.

కీబోర్డు ఆవిడవైపు జరిపాను. ఒక్కొక్క అక్షరమే వెతుక్కుని ఆ పేరు కొట్టారు. ఒక్క ఫలితం వచ్చింది.

మీకు తెలిసిన డీటీపీ ఆపరేటరు ఎవరైనా ఉంటే, ఈ వారమే వెళ్ళి ఒకసారి పలకరించి రండి.